ఎస్‌ఎస్‌ఎన్ లేకుండా ఈఐఎన్: ఎస్‌ఎస్-4 ఫారంలో విదేశీ యజమానులు ఎక్కడ తప్పటడుగు వేస్తున్నారు

కూకట్‌పల్లిలోనో గుంటూరులోనో కూర్చుని అమెరికాలో ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత గల కంపెనీ) పెట్టడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. వయోమింగ్ రాష్ట్రానికి 100 డాలర్ల రుసుము కడితే రోజుల వ్యవధిలో పత్రాలు చేతికొస్తాయి. ఆ తర్వాతే బండి ఆగుతుంది. బ్యాంకు ఖాతా తెరవబోయినా, పేమెంట్ గేట్‌వే పెట్టుకోబోయినా, అమెజాన్‌లో కంపెనీ పేరుతో అమ్మబోయినా మొదటి ప్రశ్న ఒకటే: ఈఐఎన్ ఉందా?

ఈఐఎన్ అంటే అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వ్యాపార సంస్థలకు ఇచ్చే తొమ్మిది అంకెల నంబరు. ముందు రెండు అంకెలు, ఒక గీత, తర్వాత ఏడు అంకెలు. పేరులో 'ఎంప్లాయర్' అని ఉన్నా ఉద్యోగులు ఉండి తీరాలన్న నియమం లేదు. మన దగ్గర కంపెనీకి పాన్ ఎలాగో అక్కడ ఇది అలాగ. దీనికి ఐఆర్‌ఎస్ ఒక్క డాలరు కూడా తీసుకోదు. ఏజెన్సీలు వసూలు చేసేదంతా ఫారం నింపి పంపే శ్రమకే. డబ్బు ఎక్కువ కడితే నంబరు త్వరగా ఇచ్చే ప్రత్యేక ద్వారం ఐఆర్‌ఎస్‌లో లేదు.

నంబరు రావడం ఆలస్యమవుతుందేమో గానీ, ఆగదు. చిక్కంతా ఫారంలో ఉంది. ఈఐఎన్ దరఖాస్తు ఫారమైన ఎస్‌ఎస్-4లో పెట్టిన ఒక్కో టిక్కును బట్టి ఆ సంస్థ మున్ముందు ఏయే పన్ను ఫారాలు వేయాలో ఐఆర్‌ఎస్ కంప్యూటరు రాసిపెట్టుకుంటుంది. నంబరు కోసం తొందరపడి పెట్టిన టిక్కు, ఏడాది తిరిగేసరికి నోటీసై వస్తుంది.

ఆన్‌లైన్ దారి ఎందుకు మూసుకుపోతుంది

ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేస్తే ఈఐఎన్ అప్పటికప్పుడే వస్తుంది. కాకపోతే రెండు షరతులు. వ్యాపారపు ప్రధాన స్థలం అమెరికాలోనో దాని అధీన ప్రాంతాల్లోనో ఉండాలి. 'రెస్పాన్సిబుల్ పార్టీ'గా చూపే వ్యక్తికి ఎస్‌ఎస్‌ఎన్ (అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు) గానీ, ఐటిన్ (ఎస్‌ఎస్‌ఎన్ రానివాళ్లకు ఐఆర్‌ఎస్ ఇచ్చే వ్యక్తిగత పన్ను నంబరు) గానీ ఉండాలి. రెస్పాన్సిబుల్ పార్టీ అంటే సంస్థనూ దాని డబ్బునూ నిజంగా తన చేతుల్లో ఉంచుకున్న మనిషి. మనిషే అయి ఉండాలి. ఒక కంపెనీ పేరు, దాని ఈఐఎన్ అక్కడ వేసి పని జరుపుకునే వెసులుబాటు 2019 మే నుంచి లేదు, ప్రభుత్వ సంస్థలకు తప్ప.

ఈ మూసిన తలుపు చూడగానే రెండు ఉచిత సలహాలు వస్తాయి. రెండూ తప్పే.

మొదటిది, ముందు ఐటిన్ తెచ్చుకోమనడం. ఈఐఎన్‌కు ఐటిన్ అక్కర్లేదు. పైగా ఐటిన్ కోసం వేసే డబ్ల్యూ-7 ఫారానికి, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, పన్ను రిటర్ను జత చేయాలి. పాస్‌పోర్టు అసలు కాపీ గానీ, దాన్ని జారీచేసిన కార్యాలయం ధ్రువీకరించిన ప్రతి గానీ ఇవ్వాలి. ఇంకా ఆదాయమే మొదలుకాని సంస్థ యజమానికి ఇదంతా అనవసరపు తిప్పట.

రెండోది తెలుగువాళ్ల ఇళ్లలో మరీ ఎక్కువ వినబడేది: "డాలస్‌లో బావమరిది ఉన్నాడుగా, వాడి ఎస్‌ఎస్‌ఎన్ వేసేద్దాం, అయిదు నిమిషాల్లో నంబరొస్తుంది." వస్తుంది, అబద్ధం కాదు. కానీ నామమాత్రపు వ్యక్తిని రెస్పాన్సిబుల్ పార్టీగా చూపకూడదని ఐఆర్‌ఎస్ స్పష్టంగానే చెబుతోంది. ఒక సభ్యుడి ఎల్‌ఎల్‌సీకి ఆ బావమరిది పేరు, ఎస్‌ఎస్‌ఎన్ వేస్తే, రికార్డుల్లో అది అమెరికా పన్ను చెల్లింపుదారు సంస్థగా కనబడుతుంది. దాని లాభనష్టాలు ఆయన సొంత రిటర్నులో కనబడాలి. ఆయన హెచ్-1బీ మీద ఉంటే, స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప మరో వ్యాపారానికి పనిచేస్తున్నారా అన్న ప్రశ్న కూడా లేస్తుంది. బ్యాంకులో యజమాని ఒకరు, ఐఆర్‌ఎస్‌లో బాధ్యుడు ఇంకొకరైతే ఖాతా పరిశీలన అక్కడే ఆగిపోతుంది. ఇప్పటికే ఇలా చేసినవాళ్లు 8822-బి ఫారంతో బాధ్యుడి పేరు మార్పించుకోవాలి. బాధ్యుడు మారిన 60 రోజుల్లోపు వేయాల్సిన ఫారం అది.

ఎస్‌ఎస్-4, గడి గడికీ

ముందుగా ఒక మాట. రాష్ట్రం ఎల్‌ఎల్‌సీని ఆమోదించాకే ఈ ఫారం పంపాలి. వయోమింగ్‌లో ఆర్టికల్స్ ఆఫ్ ఆర్గనైజేషన్, డెలావేర్‌లో సర్టిఫికెట్ ఆఫ్ ఫార్మేషన్ చేతికి రాకముందే ఈఐఎన్‌కు పంపి, తీరా రాష్ట్రం ఆ పేరు ఇవ్వకపోతే, లేని సంస్థకు నంబరు మిగులుతుంది.

1వ గడిలో సంస్థ పేరు రాష్ట్ర పత్రంలో ఉన్నట్టే రాయాలి. ఐఆర్‌ఎస్ రికార్డుల్లో అక్షరాలు, అంకెలు కాక హైఫన్, ఆంపర్‌సాండ్ మాత్రమే నిలుస్తాయి. కామాలు, చుక్కలు పోతాయి. అందుకని తర్వాత వచ్చే ఉత్తరంలో పేరు కాస్త తేడాగా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

4వ గడి ఉత్తరాల చిరునామా, 5వ గడి వ్యాపారం జరిగే చోటు. ఈ రెంటినీ చాలామంది రిజిస్టర్డ్ ఏజెంట్ (ఆ రాష్ట్రంలో సంస్థ తరఫున అధికారిక కాగితాలు అందుకునేవాళ్లు) చిరునామాతో నింపేస్తారు. కానీ కొందరు ఏజెంట్లు కోర్టు నోటీసులు, రాష్ట్రం పంపే కాగితాలు తప్ప మరే ఉత్తరమూ తీసుకోరు. ఐఆర్‌ఎస్ ఉత్తరం అక్కడి దాకా వెళ్లి వెనక్కి పోతుంది. ఏజెంటుతో ముందే మాట్లాడుకోవాలి, లేదా ఉత్తరాలు స్కాన్ చేసి పంపే వర్చువల్ మెయిల్‌బాక్సు తీసుకోవాలి, అదీ కాదంటే హైదరాబాద్ చిరునామానే నేరుగా ఇవ్వాలి. ఇండియా చిరునామా ఇస్తే దేశం పేరు పూర్తిగా రాయాలి. 'ఐఎన్' అని రెండక్షరాలు వేస్తే అమెరికా తపాలా లెక్కలో అది ఇండియానా రాష్ట్రం! 5వ గడిలో పోస్టు బాక్సు నంబరు పనికిరాదు.

6వ గడిలో కౌంటీ, రాష్ట్రం అడుగుతారు. నగరం పేరు రాయడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. వయోమింగ్‌లో షయాన్ నగరం ఉన్నది లారమీ కౌంటీలో. డెలావేర్‌లో విల్మింగ్టన్ ఉన్నది న్యూకాజిల్ కౌంటీలో, డోవర్ కెంట్ కౌంటీలో, లూయిస్ ససెక్స్ కౌంటీలో.

7ఎ గడిలో యజమాని పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి. తెలుగువాళ్లకు ఇక్కడో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా, పదో తరగతి సర్టిఫికెట్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో చివరగా ఉండటం మనకు కొత్త కాదు. అమెరికన్ బ్యాంకు చూసేది పాస్‌పోర్టు ఒక్కటే. ఎల్‌ఎల్‌సీ ఆపరేటింగ్ ఒప్పందంలో, ఎస్‌ఎస్-4లో, బ్యాంకు దరఖాస్తులో ఒకే వరస ఉండాలి. 7బి గడిలో ఎస్‌ఎస్‌ఎన్ స్థానంలో 'ఫారిన్' అని ఇంగ్లిష్‌లో రాస్తారు. పాన్ నంబరు, ఆధార్ నంబరు అక్కడ వేయకూడదు. తొమ్మిది సున్నాలూ వేయకూడదు.

8ఎలో ఎల్‌ఎల్‌సీ అవునని టిక్కు, 8బిలో సభ్యుల సంఖ్య, 8సిలో అమెరికాలోనే ఏర్పడిందని టిక్కు. తర్వాత వచ్చే 9ఎ గడి దగ్గర అయిదు నిమిషాలు ఆగి ఆలోచించాలి.

సభ్యుడు ఒక్కడే, అతను విదేశీయుడు అయితే, పన్ను కోణంలో ఆ ఎల్‌ఎల్‌సీని యజమాని నుంచి వేరుగా చూడరు. దాన్నే డిస్‌రిగార్డెడ్ ఎంటిటీ అంటారు. అప్పుడు 9ఎలో 'అదర్' మీద టిక్కు పెట్టి, పక్కన 'ఫారిన్ ఓన్డ్ యూఎస్ డిస్‌రిగార్డెడ్ ఎంటిటీ' అని ఇంగ్లిష్‌లో రాయాలి. 'కంపెనీయే కదా' అనుకుని 'కార్పొరేషన్' మీద టిక్కు పెడితే, ఏటా 1120 ఫారం (కార్పొరేషన్ పన్ను రిటర్ను) పూర్తిగా వేసే కార్పొరేషన్‌గా ఐఆర్‌ఎస్ నమోదు చేసుకుంటుంది. నిజంగా అలా పన్ను కట్టాలంటే 8832 ఫారంతో ఎంపిక చేసుకోవాలి, ఎస్‌ఎస్-4లో టిక్కు పెట్టడంతో అది జరగదు. అంటే టిక్కు ఒకటి చెబుతుంది, చట్టం ఇంకొకటి చెబుతుంది. రెండింటి మధ్యా నోటీసులొస్తాయి.

భార్యాభర్తలిద్దరినీ సభ్యులుగా పెడితే కథ మారిపోతుంది. ఇద్దరు సభ్యులంటే పార్ట్‌నర్‌షిప్. మార్చి 15కల్లా 1065 ఫారం (పార్ట్‌నర్‌షిప్ రిటర్ను), ఒక్కో భాగస్వామికి అతని వాటా చూపే కే-1, అమెరికా వ్యాపార ఆదాయం ఉంటే విదేశీ భాగస్వాముల వాటా మీద ముందే పన్ను పట్టుకుని ఐఆర్‌ఎస్‌కు కట్టడం. ఇంట్లో గౌరవంగా ఉంటుందని రెండో పేరు కలిపేవాళ్లు ఈ లెక్క చూసుకుని కలపడం మంచిది.

11వ గడిలో వ్యాపారం మొదలైన తేదీ. అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత. మార్చి 5ను మన అలవాటుగా 05/03 అని రాస్తే మే 3 అయి కూర్చుంటుంది. 12వ గడిలో ఖాతాల సంవత్సరం ముగిసే నెల. ఇండియా అలవాటుతో 'మార్చి' రాసేస్తారు. యజమానికి విడిగా అమెరికా రిటర్ను బాధ్యత లేనప్పుడు ఇలాంటి ఎల్‌ఎల్‌సీకి క్యాలెండరు సంవత్సరమే వర్తిస్తుంది, కాబట్టి 'డిసెంబర్'.

13వ గడిలో వచ్చే పన్నెండు నెలల్లో ఎంతమంది ఉద్యోగులని అడుగుతారు. అమెరికాలో జీతాలు ఇవ్వని సంస్థ మూడు చోట్లా సున్నా వేయాలి. విజయవాడ ఆఫీసులో నలుగురున్నారని '4' వేస్తే, జీతాల మీది పన్నుల లెక్కతో మూడు నెలలకోసారి వేసే 941 ఫారం కోసం ఐఆర్‌ఎస్ ఎదురుచూడటం మొదలుపెడుతుంది. ఆ ఫారం రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతుంది.

16, 17 గడుల్లో వ్యాపారం ఏమిటో సూటిగా చెబితే చాలు. సంతకం మాత్రం ఫారం ప్రింటు తీసి పెన్నుతోనే పెట్టి స్కాన్ చేయడం మేలు. సంతకం దగ్గరే ఫోను, ఫ్యాక్సు నంబర్ల గడులు ఉంటాయి. ఫ్యాక్సు గడి ఖాళీగా వదిలితే జవాబు పోస్టులోనే వస్తుంది.

ఏజెన్సీ ద్వారా వేసేవాళ్లు 'థర్డ్ పార్టీ డిజైనీ' భాగం చూసుకోవాలి. అక్కడ ఏజెన్సీ పేరుంటే నంబరు వాళ్లకు చెబుతారు. ఆ అధికారం నంబరు ఇవ్వగానే ముగిసిపోతుంది. ఉత్తరం 4వ గడిలో ఉన్న చిరునామాకే వెళ్తుంది. అందుకే నింపిన ఫారం పూర్తి కాపీ ఏజెన్సీ నుంచి అడిగి తీసుకోవాలి. 9ఎలో వాళ్లేం టిక్కు పెట్టారో చూడకుండా నంబరుతో సరిపెట్టుకోవడం తెలివైన పని కాదు.

ఫ్యాక్సు, ఫోను, పోస్టు

అమెరికా బయటి నుంచి పంపే ఫ్యాక్సు నంబరు 304-707-9471. అమెరికా లోపలి నుంచైతే 855-215-1627. ఇంటర్నెట్ ఫ్యాక్సు సేవతో ఫోన్‌లోంచే పంపొచ్చు, కానీ జవాబు అందుకునే నంబరు కూడా ఉన్న ప్లాను తీసుకోవాలి. వారం రోజుల ఉచిత ట్రయల్‌తో పంపేసి, ప్లాను ముగిసి, నంబరు ఇంకొకరికి పోయాక జవాబు వచ్చిపడటం తరచూ జరిగే ప్రమాదమే. జవాబు చేతికొచ్చేదాకా ఆ నంబరును బతికించుకోవాలి. పంపినట్టు వచ్చే ట్రాన్స్‌మిషన్ రిపోర్టు దాచుకోవాలి.

ఫ్యాక్సుకు నాలుగు పనిదినాల్లో జవాబని ఐఆర్‌ఎస్ చెప్పే మాట. విదేశీ దరఖాస్తులకు వారాలు పట్టడం మామూలే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పన్నుల సీజన్‌లో మరీ నెమ్మది. ఈ మధ్యలో ఓపిక నశించి మళ్లీ పంపడమే అన్నిటికంటే చెడ్డ పని. రెండు దరఖాస్తులూ ఇద్దరు వేర్వేరు ఉద్యోగుల చేతికి వెళితే ఒకే సంస్థకు రెండు నంబర్లు పుడతాయి. ఒకసారి ఇచ్చిన ఈఐఎన్‌ను మరొకరికి ఇవ్వడమంటూ ఉండదు. వద్దనుకున్న దాని ఖాతా మూయమని ఉత్తరం రాసుకోవాలి.

ఫోను దారి కూడా ఉంది: 267-941-1099, సోమవారం నుంచి శుక్రవారం, అమెరికా తూర్పు సమయం ఉదయం 6 నుంచి రాత్రి 11 దాకా. మనకు వేసవిలో మధ్యాహ్నం మూడున్నరకు లైను తెరుచుకుంటుంది, శీతాకాలంలో నాలుగున్నరకు. టోల్ ఫ్రీ కాదు. ఇది అమెరికాలో కార్యాలయం గానీ ఏజెన్సీ గానీ లేని సంస్థల కోసం పెట్టింది. హైదరాబాద్‌లో నమోదైన ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి ఈఐఎన్ కావాలంటే ఇదే దగ్గర దారి. నింపిన ఫారం ఎదురుగా పెట్టుకుని చదివితే ఆ కాల్‌లోనే నంబరు ఇస్తారు. వయోమింగ్, డెలావేర్ ఎల్‌ఎల్‌సీలవాళ్లు చేస్తే మాత్రం చాలాసార్లు 'ఫ్యాక్సు చేయండి' అన్న సమాధానమే వస్తుంది. పోస్టులో పంపేవాళ్లకు చిరునామా ఒహాయోలోని సిన్సినాటి, పిన్ 45999, 'ఈఐఎన్ ఇంటర్నేషనల్ ఆపరేషన్' పేరిట. పోస్టుకు నాలుగైదు వారాలు ముందే పంపమని ఫారం సూచనలే చెబుతాయి. ఇండియా నుంచి ఉత్తరం పోయివచ్చే కాలం అదనం.

నంబరు వచ్చాక

నంబరు ఇచ్చినట్టు వచ్చే ఉత్తరం పేరు సీపీ 575. అది ఒక్కసారే ఇస్తారు. పోగొట్టుకుంటే 147సీ అనే ధ్రువీకరణ ఉత్తరం అడగొచ్చు, బ్యాంకులు దాన్నీ ఒప్పుకుంటాయి. నంబరు ఫ్యాక్సులో వచ్చిన రోజే పేమెంట్ సంస్థ దగ్గర పెడితే 'సరిపోలడం లేదు' అని తిప్పికొట్టొచ్చు. ఐఆర్‌ఎస్ శాశ్వత రికార్డుల్లో ఎక్కడానికి రెండు వారాల దాకా పడుతుంది, అంతే.

ఆ తర్వాత సెల్లర్ ఖాతాలో పన్ను వివరాల పేజీ వస్తుంది. చేతిలో అమెరికన్ ఎల్‌ఎల్‌సీ, ఈఐఎన్ ఉన్నాయి కదా అని డబ్ల్యూ-9 నింపేస్తారు. డబ్ల్యూ-9 అమెరికా పన్ను చెల్లింపుదారు ఇచ్చేది. డిస్‌రిగార్డెడ్ ఎల్‌ఎల్‌సీకి యజమాని ఎవరో వాళ్ల హోదాయే లెక్క. భారతీయ వ్యక్తి అయితే తన పేరుతో విదేశీయులు ఇచ్చే డబ్ల్యూ-8 బెన్ ఫారం ఇవ్వాలి.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు 5472 ఫారం ఉందని తెలియకపోవడం. 2017 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన పన్ను సంవత్సరాల నుంచి, విదేశీయుడు ఒక్కడే యజమానిగా ఉన్న ఎల్‌ఎల్‌సీ, యజమానితో జరిపిన లావాదేవీలను ఇందులో చూపాలి. అమ్మకాలు లేకపోయినా వదలరు. సంస్థ పెట్టడానికి యజమాని జేబులోంచి పెట్టిన డబ్బు కూడా లావాదేవీయే. దీన్ని ఖాళీ 1120 ఫారం మొదటి పేజీకి జోడించి, పైన 'ఫారిన్ ఓన్డ్ యూఎస్ డీఈ' అని రాసి, ఏప్రిల్ 15లోగా ఫ్యాక్సులో గానీ పోస్టులో గానీ పంపాలి. గడువులోపే 7004 ఫారం వేస్తే ఆర్నెల్లు పొడిగింపు దొరుకుతుంది. వేయకపోతే జరిమానా 25,000 డాలర్లు. నోటీసు అందిన 90 రోజుల తర్వాత కూడా కదలకపోతే, ఆపై ప్రతి 30 రోజులకు మరో 25,000. వంద డాలర్ల ఎల్‌ఎల్‌సీకి ఇంత శిక్షా అనిపించొచ్చు. అయినా చట్టంలో చిన్న సంస్థకు వేరే రేటు లేదు.

2024లో అందరినీ హడలెత్తించిన ఫిన్‌సెన్ (అమెరికా ఆర్థిక నేరాల నిఘా సంస్థ) యజమాన్య నివేదిక, అంటే సంస్థ అసలు యజమానులెవరో చెప్పే నివేదిక సంగతి మాత్రం మర్చిపోవచ్చు. 2025 మార్చి నుంచి అమెరికాలో ఏర్పడిన సంస్థలను దాన్నుంచి మినహాయించారు. ఇంకా దాని పేరు చెప్పి డబ్బు అడిగే ఏజెన్సీని పక్కన పెట్టేయొచ్చు.

ఇండియా వైపు అడిగే మరో నంబరు

ఇండియాలో ఉంటూ ఇదంతా చేసేవాళ్లకు ఈఐఎన్ సగం పనే. 2022 ఆగస్టు 22న అమల్లోకి వచ్చిన విదేశీ పెట్టుబడి నిబంధనల ప్రకారం, స్టాక్ మార్కెట్‌లో లేని విదేశీ సంస్థలో వాటా ఎంత చిన్నదైనా అది ఓడీఐ (విదేశాల్లో ప్రత్యక్ష పెట్టుబడి) కిందకే వస్తుంది. బ్యాంకులో ఎఫ్‌సీ ఫారం వేస్తే రిజర్వు బ్యాంకు ఆ విదేశీ సంస్థకు యూఐఎన్ అనే నంబరు కేటాయిస్తుంది. ఆ నంబరు వచ్చాకే బ్యాంకు ఎల్‌ఎల్‌సీకి డబ్బు పంపాలి. నంబరు ఇవ్వడమంటే పెట్టుబడిని ఆమోదించినట్టు కాదని నిబంధనల్లోనే ఉంది. వ్యక్తికి పరిమితి, విదేశాలకు డబ్బు పంపుకునే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద, ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు.

చాలామంది ఈ వరసను తలకిందులు చేస్తారు. ఫార్మేషన్ ఏజెన్సీకి కార్డుతో కట్టేసి, ఈఐఎన్ తెచ్చుకుని, అమెరికా ఖాతా తెరిచాక, మొదటిసారి పెద్ద మొత్తం పంపబోతే బ్యాంకు అధికారి యూఐఎన్ అడుగుతాడు. అప్పుడు ఆలస్య రుసుముతో వెనకటి తేదీల కాగితాలు సర్దుకోవాల్సి వస్తుంది. విదేశీ మారకం ఫారాలు చూసే బ్రాంచిలో ఎల్‌ఎల్‌సీ పెట్టకముందే కనుక్కుంటే ఈ తిరుగుడు తప్పుతుంది. ప్రతి బ్రాంచికీ ఎఫ్‌సీ ఫారం తెలిసి ఉండదు. నగరంలో ఆ బ్యాంకుకు ఫారెక్స్ పనులు చూసే శాఖ ఏదో అడిగి వెళ్లాలి.

యూఐఎన్ వచ్చాక సంస్థ పనితీరు నివేదిక, అంటే ఏపీఆర్, ఏటా డిసెంబర్ 31లోగా అదే బ్యాంకు ద్వారా వెళ్లాలి. ఆదాయపన్ను రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఎల్‌ఎల్‌సీ వాటా, అమెరికా బ్యాంకు ఖాతా రెండూ చూపాలి. ఇక్కడ లెక్క మన ఆర్థిక సంవత్సరం కాదు, జనవరి నుంచి డిసెంబర్. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు దాటకపోతే 2024 అక్టోబర్ 1 నుంచి ఆ జరిమానా లేదు గానీ, చూపాల్సిన బాధ్యత అలాగే ఉంది. దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉంటూ విదేశీ మారక చట్టం ఫెమా లెక్కలో నాన్ రెసిడెంట్ అయినవాళ్లకు అక్కడి సంపాదనతో పెట్టే ఎల్‌ఎల్‌సీకి యూఐఎన్ బెడద లేదు. వాళ్లకు ఎస్‌ఎస్-4, 5472 మాత్రం పైన చెప్పినట్టే వర్తిస్తాయి. ఫారంలో దేశం గడి ఒక్కటే మారుతుంది.